చెల్లెలి వేషం

సినిమాలో వేషం వెయ్యడానికి గోరి ఒప్పుకుంది. ఒప్పుకున్నాక కూతురికి ఫోన్ చేసి చెప్పింది. కూతురు ప్రమీల ఖమ్మంలో నర్సు. "యాడీ, నీకేమన్న పిచ్చి లేసిందా? ఊరంతా చూస్తది" అని ప్రమీల ఫోన్ పెట్టేసింది. వాళ్ల లంబాడి భాషలో యాడి అంటే అమ్మ.

కూతురు కోప్పడడానికి కారణం ఉంది. భద్రాచలం రోడ్డు దిగి అడవిలోకి పోతే ఊటచెలమ తండా వస్తుంది. దాని పక్కన సినిమావాళ్లు గుడారాలు వేసి నెల దాటింది. తీస్తున్నది యుద్ధం సినిమా. భారత శాంతి సేనతో శ్రీలంక వెళ్లిన సిపాయిలు కొందరు అక్కడి అడవిలో పట్టుబడి ఉండిపోతారు. చాలా ఏళ్ల తరవాత, వాళ్లతో కలిసి పనిచేసి రిటైరైన ముసలి సిపాయిలు ఎవరికీ చెప్పకుండా మళ్లీ ఆ ద్వీపానికి వెళ్లి వాళ్లను విడిపించుకొస్తారు. లంక అడవి బదులు ఈ అడవిని చూపిస్తున్నారు. గుంపులో నిలబడడానికి తండా నుంచి, పక్క కోయగూడెం నుంచి మనుషుల్ని తీసుకున్నారు. గోరి కూలి కోసం ఆ గుంపులో చేరింది. కథ ఏమిటో ఆమెకు తెలిసింది తరవాత.

గోరి మొదటి భర్త ఆ శాంతి సేనలోనే వెళ్లాడు. తిరిగి రాలేదు. శవమూ రాలేదు. ఏళ్ల తరబడి చూసి, ఇక ఆశ లేదని పటాలంవాళ్లు చెప్పాక తండా పెద్దలు కూర్చున్నారు. వాళ్ల కట్టుబాటు ప్రకారం ఆమెను అతని తమ్ముడు భద్రుకు ఇచ్చారు. ప్రమీల భద్రు కూతురు. ఈ సంగతి తండాలో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు.

సినిమాలో విడుదలైన సిపాయి ఇంటికి వచ్చే సీను ఒకటుంది. అతని భార్య వేషం వెయ్యాల్సిన హైదరాబాదు నటి జ్వరంతో వెనక్కి వెళ్లిపోయింది. కిందటి వారం చివర దర్శకుడు పవన్ గోరి ముందుకు వచ్చి ఆ వేషం వేస్తారా అని అడిగాడు. అదీ సంగతి.

ఎందుకు ఒప్పుకుందో గోరి ఎవరికీ చెప్పలేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. మొదటి మొగుడు ఎప్పుడైనా తిరిగి వస్తే, తనను తమ్ముడికి ఇచ్చిన సంగతి అతను తన నోటే వినాలి. బస్టాండులోనో కల్లు దుకాణం దగ్గరో ఇంకెవరో చెప్పగా వినకూడదు. భద్రు ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆ మాట ఆమె దగ్గర ఉంది. చెప్పడానికి మనిషే లేడు.

సీను తీసే రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమెను మేకప్ గుడారంలోకి తీసుకెళ్లారు. మేకప్ చేసే అమ్మాయి మొహానికి ఏదో రాసి, చూసి, తుడిచేసింది. "ఏమీ వద్దులే అమ్మా, ఇలాగే ఉండు" అంది. బట్టలూ గోరివే. బయటికి వచ్చేసరికి కోయగూడెం జంపక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ కలిసి ఇప్పపూలు ఏరినవాళ్లు, కలిసి మిర్చి కోతలకు పోయినవాళ్లు.

"ఏందే గోరి, హీరోయిన్‌వి అయినవంట. రేపటి సంది మాతోని మాట్లాడుతవా, మాట్లాడవా?"

"నీ నోరు పడ. జరుగు."

"నేనైతే మాట్లాడ. హీరో ముసలోడే గని దిట్టంగున్నడే. పొద్దుగాల ఇడ్లీలు ఎన్ని తిన్నడో చూసినవా?"

"నువ్వు ఆయన పళ్లెం చూసుకుంట కూసున్నవా?"

"మరేం జెయ్యాలె. గుంపుల నిలవెడితె కనవడేది అదే."

తిరిగి వచ్చే సిపాయి వేషం వేస్తున్నది వెంకటరామారావు. మధిర ఆయన. చిన్నప్పటి నుంచి పౌరాణిక నాటకాలు ఆడినవాడు. చింపిరి గడ్డం అతికించి, చిరుగుల చొక్కా తొడిగి ఆయనను కాలిబాట మలుపులో నిలబెట్టారు. తండా ముందు మూడు గుడిసెలు వేశారు. అసలు తండాలో ఇప్పుడు గుడిసె లేదు, అన్నీ స్లాబు ఇళ్లే. అందుకని పాత తండా కొత్తగా కట్టాల్సివచ్చింది. చూడ్డానికి తండావాళ్లంతా వచ్చారు. భద్రు నీడలో మంచం వేసుకుని కూర్చున్నాడు.

పవన్ సీను వివరించాడు. "అమ్మా, ఆయన ఆ దారిలోంచి వస్తాడు. మీరు ఇక్కడ బిందెతో నిలబడతారు. చూస్తారు. నమ్మలేరు. బిందె జారిపోతుంది. పరిగెత్తుకుంటూ వెళ్లి ఆయన్ని పట్టుకుంటారు. అంతే."

"ఉరకను" అంది గోరి.

"మెల్లగానే పరిగెత్తండి. కాలు నొప్పా?"

"కాలు మంచిగనే ఉన్నది. మా దాంట్ల మొగడొస్తే పెండ్లాం ఉరికి పట్టుకోదు సారు. పెద్దలుంటరు, అత్తగారుంటది. ముసుగు కిందికి గుంజుకొని చెంబుల నీళ్లు తెచ్చిస్తది. లోపటికి పోతది."

"ఇరవై ఏళ్ల తరవాత వస్తే కూడానా?"

"నూరేండ్లకు వచ్చినా గంతే."

వెనక నిలబడ్డ ఆడవాళ్లు నవ్వారు. పవన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఎవరూ ఏడవరా? ఎవరూ పట్టుకోరా?"

"ఎందుకు పట్టుకోరు! తల్లి పట్టుకుంటది. చెల్లె పట్టుకుంటది. మెడకు చేతులేసి ఏడుస్తది."

"బతికొచ్చినవాడిని పట్టుకుని ఏడుస్తారా? చూసేవాళ్లు చచ్చిపోయాడనుకుంటారు."

"సచ్చినోని కాడ ఏడ్చేది వేరే సారు" అన్నాడు భద్రు మంచం మీది నుంచి. "ఇది కలిసినప్పుడు ఏడ్చేది. చాన దినాలకు ఆడిబిడ్డ పుట్టింటికి వచ్చినా ఏడుస్తరు. ఏడ్వకపోతే, నేనొచ్చింది వీళ్లకు ఇష్టం లేదు అనుకుంటరు."

ఆ ఏడుపుకు ఒక పద్ధతి ఉంది. విడిపోయిన నాటి నుంచి ఇంట్లో జరిగినవన్నీ రాగంతో వరసగా చెప్పాలి. ఎవరు పోయారు, ఎవరికి పెళ్లయింది, ఏ గొడ్డు చచ్చింది, ఏ చేను పోయింది. మంచీ చెడూ ఏదీ దాచకూడదు. వచ్చినవాడు గడప దాటేలోగా ఆ ఇల్లు అతనికి తెలిసిపోవాలి. ఆ తరవాతే నీళ్లు, కూడు.

భద్రు తనకు చేతనైనట్టు అది పవన్‌కు చెప్పాడు. పవన్ కెమెరామన్ వైపు చూశాడు. ఇద్దరూ పక్కకు వెళ్లి మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చి పవన్ అన్నాడు: "అయితే మీరు చెల్లెలు. భార్యగా ఈమెకు ముసుగేసి చెంబు చేతికిద్దాం."

ఈమె అంటే జంపక్క.

"నా మొఖం కనవడదా?" అంది జంపక్క.

"కనపడదు."

"కోయదానికి లంబాడి బట్టలేసి, మొఖం మూసి, చెంబిస్తవా? మా గూడెపోళ్లకు నేనని ఎట్ల తెలుస్తది సారు?"

"పేరు వేస్తాంలే."

"పెద్దగ వెయ్యాలె" అని జంపక్క బట్టలు మార్చుకోవడానికి పోయింది.

గోరి నిలబడ్డచోటే నిలబడింది. చెల్లెలి వేషం వస్తుందని ఆమె అనుకోలేదు. ఆమె మొదటి మొగుడికి అక్కచెల్లెళ్లు లేరు. తల్లి పోయింది. అతను నిజంగా వచ్చి ఉన్నా మెడ పట్టుకుని ఏడ్చే మనిషి ఆ ఇంట్లో ఉండేది కాదు. భార్యగా గోరి ముసుగు వేసుకుని, నీళ్లు ఇచ్చి, లోపలికి పోయేది. చెప్పాల్సిన మాట ఆమె నోట్లోనే ఉండిపోయేది. ఇన్నేళ్లూ అతను వస్తాడని అనుకుందే కానీ, వచ్చిన రోజు ఏం జరుగుతుందో ఆమె ఇంతవరకూ ఆలోచించలేదు.

భద్రు లేచి వచ్చాడు. "చేస్తవా?"

"చేస్త."

"మంచిది" అని వెళ్లి కూర్చున్నాడు.

సినిమాలో ఆ సిపాయి పేరు సోమ్లా. గోరి ఆ పేరు రెండుసార్లు అనుకుంది. వెంకటరామారావు దగ్గరికి వచ్చి చేతులు జోడించి నవ్వాడు. "అమ్మా, మొహమాటపడకు. గట్టిగా పట్టుకో. నలభై ఏళ్లు కిరీటాలు మోసిన మెడ ఇది, ఏం కాదు."

మొదటిసారి తీసింది బాగా రాలేదు. గోరి పట్టుకుంది, సోమ్లా వీరా అంది, ఏడ్చింది. వీరా అంటే అన్నా అని. ఏడుపు గొంతులోంచి వచ్చింది, అంతే. పవన్ కట్ చెప్పి, "బాగుందమ్మా, ఇంకొక్కసారి. వెలుతురు తగ్గకముందే" అన్నాడు.

రెండోసారి వెంకటరామారావు మలుపు తిరిగి వస్తుంటే గోరి అతని మొహం చూడలేదు. కాళ్లు చూసింది. చెప్పులు లేని కాళ్లు. దుమ్ము పట్టి ఉన్నాయి. ఎదురు వెళ్లి మెడకు చేతులు వేసి తల అతని భుజం మీద పెట్టింది.

"హరిలాల్ వీరా" అంది.

మొగుడి పేరు పెళ్లాం పలకదు. పెళ్లయిన రోజు నుంచి ఆ రోజు వరకూ ఆ పేరు గోరి నోట రాలేదు. నెల రోజులుగా సినిమావాళ్లతో మాట్లాడుతున్నా "మా పాప పెద్దనాయన" అందే తప్ప పేరు అనలేదు. చెల్లెలు వీరా అని చేర్చి పలకొచ్చు. పలికింది.

తరవాతదంతా వాళ్ల భాషలో, రాగంతో సాగింది. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది.

"హరిలాల్ వీరా, నువ్వు పోయినంక యాడి రోజూ తొవ్వకాడ కూసున్నది. వాన పడ్డా లేవలే. కూసొని కూసొని మంచం పట్టింది, వీరా. ఆఖరి నీళ్లు ఆమె నోట్ల నేను పోసిన. నువ్వు కొన్న ఎర్రావు మంద పెంచి పోయింది. నువ్వు అడవి కొట్టి చేసిన చెలక మనది కాదని ఫారెస్టోళ్లు చుట్టూ కందకం తవ్విండ్రు, వీరా. లొల్లి పెట్టినం, జైలుకు పోయినం, సగం చెలక దక్కింది. తండాకు కరెంటు వచ్చింది. నువ్వు ఉంటే చూసేటోనివి. నీ ఈడు మొగోళ్లు సగం మంది లేరు, వీరా."

అక్కడ ఊపిరి తీసుకుంది. రాగం తగ్గింది. మాట ఆగలేదు.

"నీ ఇల్లాలిని నీ తమ్మునికి ఇచ్చిండ్రు, వీరా. పెద్దలు కూసొని ఇచ్చిండ్రు. ఆమెను అడగలే. అడిగితే ఏమనేదో ఆమెకు ఎరుక లేదు. నీ తమ్ముడు మంచోడు. ఒక్క మాట అనలే, చెయ్యెత్తలే. ఆడపిల్ల పుట్టింది, ప్రమీల అని పెట్టుకున్నరు. సదువుకొని నర్సమ్మ అయింది, వీరా. నీ ఇల్లాలు బువ్వ తిన్నది, పండుగలు చేసింది, నవ్వింది. నవ్వినప్పుడల్లా ఎనకకు తిరిగి తొవ్వ చూసింది. నువ్వు రాలే. ఎవలన్న చెప్తే ఇనకు, వీరా. ఆమె చెప్తది, ఆమె నోట ఇను."

జంపక్క చెంబు పట్టుకుని నడవాల్సిన సమయం దాటిపోయింది. ఆమె కదల్లేదు. పక్క గూడెంలో ఇన్నేళ్లు ఉన్న మనిషికి ఆ భాష సగం అర్థమవుతుంది.

"కట్!" అని పవన్ అరిచాడు. "అద్భుతం. ఓకే, ఓకే!"

సినిమావాళ్లు చప్పట్లు కొట్టారు. లైట్లు పట్టుకునే కుర్రాళ్లు ఈలలు వేశారు. వెంకటరామారావు కళ్లు తుడుచుకున్నాడు. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తండావాళ్లు చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని ఇళ్లవైపు నడిచారు. వెళ్లేటప్పుడు ఎవరూ గోరి మొహం చూడలేదు, భద్రు మొహం అసలే చూడలేదు.

గోరి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. భద్రు బీడీ వెలిగించబోయి మానుకున్నాడు.

"ఇన్నవా?" అంది.

"వినవడ్డది."

"నీ మీద చెప్పలే."

"నా మీద ఏం చెప్పినవు? మంచోడు అన్నవు. ఊరందరి ముంగట అన్నవు. గది చాలు."

"అంత చెప్పాలని అనుకోలే. నోట్లకెల్లి అదే వచ్చింది."

"దాన్ని మొదలువెడితె ఆపరాదు గద" అన్నాడు భద్రు. "నువ్వు తొవ్వ చూసుడు నాకు ఎరుకే. నేనూ చూస్త. వాడు నీకేనా, నాకూ అన్ననే."

గోరి అతని చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని, పుల్ల గీసి, బీడీ ముట్టించి ఇచ్చింది.

అప్పుడే రమణ వచ్చాడు. రమణ వేంసూరు మనిషి, మాజీ హవల్దారు. నటులకు తుపాకీ పట్టుకోవడం, నేల మీద పాకడం నేర్పడానికి సినిమావాళ్లు పెట్టుకున్నారు. ఆయనా శాంతి సేనలో లంకకు వెళ్లినవాడే, వేరే బెటాలియన్. భద్రుతో రోజూ టీ తాగుతాడు.

"భద్రూ, ఇందాక గోరమ్మ ఒక పేరు అంది. హరిలాల్ అంది. సినిమాలో పేరు అది కాదు కదా?"

"మా అన్న పేరు సార్ అది."

"మీ అన్న పేరు హరిలాలా?" రమణ నిలబడిపోయాడు. "నెల నుంచీ మా అన్న, మా అన్న అంటున్నావు. పేరు ఎప్పుడూ చెప్పలేదేంటి?"

"పెద్దోని పేరు పెట్టి ఎట్ల పిలుస్తం సార్? మీరు అడగనూ లేదు."

"ఇంకా ఏమంది ఆమె? నాకు ఆ భాష రాదు. మొత్తం చెప్పు."

భద్రు గోరి వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అతను చెప్పాడు. తల్లి పోయింది దగ్గర మొదలుపెట్టి, ఆవు, చెలక, కందకం, కరెంటు, అన్నీ చెప్పాడు. తనకు ఇచ్చిన మాటా చెప్పాడు, గొంతు మార్చకుండా. "ఆడపిల్ల పుట్టింది, ప్రమీల అని పెట్టుకున్నరు, నర్సమ్మ అయింది అన్నది" అనేసరికి రమణ చెయ్యెత్తి ఆపాడు. పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీ పాప పేరు ప్రమీలా?"

"అవ్."

"ఒక్కటి అడుగుతాను. మీ అన్నకు ఎడం చెవి సగం ఉండదా?"

భద్రు బీడీ కింద పడేశాడు. పటాలంలో చేరడానికి ఏడాది ముందు, ఇప్పపూలకు పోయినప్పుడు ఎలుగుబంటి మీద పడి హరిలాల్ చెవి చీల్చింది. దవాఖానాలో కుట్లు వేశారు, సగం మిగిలింది. ఆ సంగతి సినిమావాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పే సందర్భమే రాలేదు.

"మీకెట్ల తెలుసు సార్?" అంది గోరి.

రమణ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"గోదావరి పుష్కరాలు వచ్చిన ఏడాది. నేను రిటైరయ్యాను. మా ఆవిడా నేనూ రామేశ్వరం వెళ్లాం. అక్కడ శరణార్థుల శిబిరం దగ్గర టీ తాగుతుంటే ఒకాయన వచ్చి మా పక్కన నిలబడ్డాడు. కదలడు. ఏంటయ్యా అన్నాను. మీ తెలుగు వింటున్నా సార్, చానా దినాలయింది అన్నాడు. లంక నుంచి పడవలో శరణార్థులతో కలిసి వచ్చాడు. పేరు హరిలాల్ అన్నాడు. పట్టుబడ్డాక అక్కడి తమిళ పోరాట దళంవాళ్లు అడవిలోనే ఉంచుకుని కట్టెలు కొట్టించారట, వంట చేయించారట. పటాలానికి చెప్పుకుందాం రమ్మన్నాను. భయపడ్డాడు. ఇన్నేళ్లు ఎక్కడున్నావంటే ఏం చెప్పను సార్, ముందు ఇల్లు చూడాలి అన్నాడు. మాతోపాటే రైల్లో తీసుకొచ్చాను. ఖమ్మంలో ముగ్గురం దిగాం. అతను భద్రాచలం బస్సు ఎక్కాడు. నా చేత్తో ఎక్కించాను."

గోరి రెండు చేతులూ నేలకు ఆనించింది.

"మరి ఇన్ని దినాల సంది ఎందుకు చెప్పలేదు సార్?" అన్నాడు భద్రు. అతని గొంతు పైకి లేచింది. "మాతోని రోజు చాయ్ తాగుతవు. మా అన్న రాలేదు, రాలేదు అని నేను చెప్తుంటే ఇంటవు. ఒక్క ముచ్చట చెప్పకపోతివి?"

"ఏం చెప్పను భద్రూ? నువ్వు చెప్పేది తిరిగిరాని మనిషి గురించి. నాకు తెలిసిన హరిలాల్ ఇల్లు చేరాడు. ఇద్దరూ ఒకరే అని నేనెలా అనుకుంటాను?"

"చేరిండని మీకెవలు చెప్పిండ్రు?"

"అతనే చెప్పాడు. మా పక్కింటికి ఫోన్ చేశాడు. చేరాను సార్, ఇల్లు బాగుంది, ఆమె బాగుంది, ఆడపిల్ల కూడా ఉంది, పేరు ప్రమీల అన్నాడు. నేను సంతోషపడ్డాను. తరవాత కూడా అప్పుడప్పుడూ చేస్తూనే ఉన్నాడు. పాప ఇంటర్ పాసైంది సార్ అన్నాడు. నర్సు ఉద్యోగం వచ్చిందని స్వీట్లు పంచిపెట్టానన్నాడు. ఒకసారి మీ తండాకు వస్తానయ్యా అంటే, తొవ్వ మంచిగ లేదు సార్, నేనే వస్తా అనేవాడు. రాలేదు."

జంపక్క లంబాడి బట్టల్లోనే వచ్చి కొంచెం దూరంలో నిలబడింది.

గోరి లెక్క చూసుకుంది. పుష్కరాల ఏడాదికి ప్రమీల బడికి పోతోంది. ఆ ఏడాది ఏదో ఒక రోజు అతను ఈ దారినే వచ్చాడు. ఇంటిదాకా వచ్చాడు. చూశాడు. ఆమె వాకిలి ఊడుస్తూ ఉందో, భద్రుకు అన్నం పెడుతూ ఉందో. పిల్ల భద్రును బాపూ అని పిలిచిందో. ఎక్కడి నుంచి చూశాడో తెలియదు. ఆమె చెప్పాల్సిన మాట చెప్పకముందే అతనికి తెలిసిపోయింది. తెలుసుకుని, ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. వెళ్లి, పాప సంగతులు ఎవరి ద్వారానో కనుక్కుంటూ, అంతా బాగుందని చెప్పుకున్నాడు. ఇన్నేళ్లుగా ఆమె చూసిన దారిలో అతను రావడం, పోవడం రెండూ జరిగిపోయాయి.

"ఇప్పుడు సుత ఫోన్ చేస్తడా?" అంది.

"పోయిన నెల చేశాడమ్మా."

"యాడికెల్లి?"

"ఇంటి నుంచే అంటాడు. నేను అదే నమ్మాను."

భద్రు మంచం మీది నుంచి లేచాడు. రెండడుగులు అటు నడిచాడు, ఇటు నడిచాడు. వచ్చి రమణ ఎదురుగా నిలబడ్డాడు.

"నంబరు ఉన్నదా సార్?"

"ఉంది."

"కొట్టు."

"భద్రూ, ఒక్కసారి ఆలోచించు. ఇప్పుడు మాట్లాడితే మళ్లీ వెనక్కి తీసుకోలేం. మీ పాపకు కూడా..."

"ఎన్నటికన్న కొట్టేదే గద. వాడు బతికున్నడని తెలిసినంక ఈ రాత్రి నేను బువ్వ ఎట్ల తినాలె? కొట్టు సార్. కొట్టి ఆమెకియ్యి. నాకొద్దు. ముందుగాల ఆమె మాట్లాడాలె."

రమణ జేబులోంచి ఫోన్ తీశాడు. నంబరు వెతికాడు. సిగ్నలు కోసం రోడ్డువైపు నాలుగడుగులు నడిచి ఆగాడు. ముగ్గురూ అతని వెనక వెళ్లారు. అటువైపు మోగుతున్న చప్పుడు మొదలవగానే రమణ ఫోన్‌ను గోరి చేతిలో పెట్టాడు. ఆమె చెవికి ఆనించుకుంది.

చాలాసేపు మోగింది. ఎత్తారు.

"సార్, నమస్తే" అంది మగగొంతు. గొంతు ముదిరింది, మాట తీరు మారలేదు. "మంచిగున్నరా సార్? మేడం మంచిగున్నదా? మా ఇంట్ల అందరం మంచిగున్నం సార్."

గోరి కళ్లు మూసుకుంది. భద్రు పెండ్లాంగా ఇప్పుడు ఆమెకు ఆ మనిషి బావ, మొగుడికి అన్న. తమ్ముడి పెండ్లాం బావ ముందుకు రాదు, బావతో మాట్లాడదు. అతని గొంతు వినిపిస్తే గోడ వెనక్కి తప్పుకుంటుంది. ఇక్కడ గోడ లేదు. భద్రు ఎదురుగా నిలబడి ఆమె మొహమే చూస్తున్నాడు.

"సార్? వినవడ్తుందా? మా ప్రమీల డ్యూటీల ఉన్నది సార్, ఇంక రాలే. ఆమె వంట చేస్తున్నది. సార్?"

గోరి ఫోన్‌ను చెవికి ఇంకా అదుముకుంది.

"ఇక్కడ సారు లేడు" అంది.

అవతల మాట ఆగిపోయింది. ఊపిరి వినిపిస్తూనే ఉంది. ఫోన్ పెట్టెయ్యలేదు.